కాలిన వాలుకు ట్రాక్టర్ వద్దన్న వేసవి

నేను పదవీ విరమణ చేయడానికి రెండేళ్ళ ముందు, ఫాల్గుణం చివరలో, ఖరగ్‌పూర్‌కు పడమరగా ఉన్న ఒక సాల వృక్షాల అడవి నేలను పరీక్షించే పని నాకు అప్పగించారు. అప్పుడు నేను ఆ ఊరి పక్కనే హిజ్లీలో ఒక నేల ప్రయోగశాలలో సీనియర్ సాంకేతిక అధికారిని. నివేదిక మీద చివరి సంతకం నాదే. రాలిన ఆకులకు నిప్పంటుకుని ఒక గుట్ట వాలంతా కాలిపోయింది. వానలు పడేలోగా దాన్ని ట్రాక్టర్‌తో దున్ని, త్వరగా పెరిగే అకేసియా మొక్కలు నాటాలని అక్కడి అటవీ అధికారి అనుకున్నారు. అందుకు మా నివేదిక కావాలి.

ఈ పని నాకే రావడానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఏడాది శిక్షణ కోసం మధ్యధరా సముద్రం ఒడ్డు కొండల్లో పనిచేశాను. అక్కడ వానలన్నీ చలికాలంలోనే. ఎండి ఉన్న పొదలూ పైన్ చెట్లూ వేసవిలో తగలబడుతుంటాయి. ఆకుల్లోని మైనం లాంటి పదార్థం మంటకు ఆవిరై నేలలోకి దిగి, మట్టి రేణువులకు పూతలా అంటుకుంటుంది. ఇక నీరు సరిగా ఇంకదు. తొలివానకే పైమట్టీ, బూడిదలోని సారమూ కొట్టుకుపోతాయి. అయితే అక్కడి ఓక్ చెట్లు పైన కాలినా మొదళ్ళ నుంచి మళ్ళీ చిగురిస్తాయి. కొన్ని రకాల పైన్ కాయలు ఆ వేడికే విచ్చుకుని గింజలు రాలుస్తాయి. యంత్రాలతో దున్నిన చోట మాత్రం వేళ్ళు తెగి, మట్టి వదులై జారిపోవడం చూశాను. మన వాతావరణం వేరు, చెట్లు వేరు. అయినా ఇక్కడ చూడవలసినవి కూడా అవేనని నాకు తోచింది.

నాతో ప్రయోగశాల సహాయకుడు సన్యాసిరావు వచ్చాడు. ఖరగ్‌పూర్‌లో మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాడు. వాలు దిగువన ఎవరో నరికిన కొమ్మలు కుప్పలుగా పడి ఉండేవట. అక్కడ మంట ఎక్కువసేపు నిలిచింది. బూడిద తెల్లగా ఉంది, కింద మట్టి ఇటుక రంగుకు మారింది. సన్యాసిరావు దాని మీద ఒక నీటిబొట్టు వేశాడు.

"సూడండమ్మా, చామాకు మీద బొట్టులా నిలబడిపోనాది. దిగటం నేదు."

"పైన కూడా వేసి చూడు" అన్నాను.

ఎగువన బూడిద నల్లగా ఉంది. మంట అక్కడ ఆగకుండా సాగిపోయిందన్నమాట. బొట్టు కాసేపు నిలిచి ఇంకిపోయింది. ఒక మొదలు పక్కన తవ్వి వేరు గీరితే లోపల పచ్చిగా, తడిగా ఉంది.

"ఇది సావనేదమ్మా" అన్నాడు సన్యాసిరావు.

ఆ అడవిలోని సాల ఆకుతో విస్తళ్ళు కుట్టి బతికే ఆడవాళ్ళు మా చుట్టూ చేరారు. వాళ్ళ సంఘం పెద్ద మాలతి బెంగాలీలో నన్ను అడిగింది, "దీదీ, అకేసియా ఆకుతో విస్తరి కుట్టగలమా?" కుట్టలేరని అందరికీ తెలుసు. కానీ అటవీ అధికారి భయం కూడా కొట్టిపారేయదగింది కాదు. వాలు కింద వరి పొలాలున్నాయి. మట్టి వాటి మీద పడితే జవాబు చెప్పవలసింది తానేనని ఆయన అన్నారు.

ఎగువ భాగాన్ని దున్నవద్దని, దిగువన మాత్రం గడ్డి పరిచి, కాలిన దుంగలను వాలుకు అడ్డంగా వేయాలని రాసి సంతకం పెట్టాను. అధికారి అందుకు ఒప్పుకున్నారు. చిగుళ్ళు మేకల పాలు కాకుండా చూసే బాధ్యత మాలతి తీసుకుంది.

"మేకల్ని మేం ఆపుతాం. చిగురు రాకపోతే మీరే వచ్చి మా ముందు నిలబడి చెప్పాలి" అంది.

వస్తానన్నాను. తిరుగు దారిలో జీపులో సన్యాసిరావు మెల్లగా అడిగాడు, "నిజంగా రాకపోతే ఏటి సేస్తారమ్మా?"

"మాట ఇచ్చాను కదా, వెళ్ళి చెబుతాను" అన్నాను. కానీ వేరు గీరిన చోటు గురించి రాసుకున్న పేజీని మళ్ళీ తీసి చదివాను.

చైత్రంలో మొదటి కాలవైశాఖి గాలివాన పడింది. మర్నాడే వెళ్ళాం. దిగువన ఒక అంచున గడ్డి కొట్టుకుపోయి గండి పడింది. కొంత మట్టి పొలం గట్టు దాకా జారింది. అధికారి దాన్ని చూపించారు, నేను కాదనలేదు. ఆ రోజే అక్కడ మరికొన్ని దుంగలు వేయించాం. మిగతా చోట్ల దుంగల వెనుక మట్టి ఆగి ఉంది. ఎగువన నేల కదలలేదు. నల్లబడిన మొదళ్ళ చుట్టూ రాగిరంగు చిగుళ్ళు గుత్తులుగా లేచాయి. మాలతి ఒకదాని పక్కన కూర్చుని చాలాసేపు చూసింది, చేత్తో ముట్టుకోలేదు.

ఆ ఏడు అక్కడ వాళ్ళు ఒక్క ఆకు కూడా కోయలేదు. పక్క ఊరి అడవి నుంచి తెచ్చుకుని కుట్టారు. మరుసటి ఏడు తమ వాలులోనే కోశారు. దిగువన వానలు పడ్డాక నాటించిన సాల మొక్కల్లో చాలా చనిపోయాయి, గడ్డి మాత్రం నేలను పట్టుకుంది. తరువాత మరో గుట్ట కాలినప్పుడు అదే అధికారి ట్రాక్టర్ కంటే ముందు మాకు కబురు పంపారు.

కాలిన నేలంతా ఒకటి కాదని ఆ వాలు మీద నేర్చుకున్నాను. మంట ఎంత లోతుకు దిగిందో, వేరు బతికి ఉందో లేదో చూడకుండా పరిష్కారం చెప్పకూడదు. ఏం చేయాలో రాసినంత స్పష్టంగా, ఏం చేయకూడదో కూడా నివేదికలో రాయాలి.