పుత్తూరు కట్టు, మా కుక్కపిల్ల పండ్లు

మా నాయన కాలు విరగ్గొట్టింది మా కుక్కపిల్లే. ఏ కోర్టుకు పోయినా నిలబడే కేసు. కొత్త తోలుచెప్పు నోట కరుచుకుని అది వాకిట్లోకి పరిగెత్తింది. దాని వెనక నాయన పరిగెత్తాడు. అమ్మ అప్పుడే కడిగిన మెట్ల మీద జర్రున జారాడు. చెప్పూ పోయింది, కాలూ పోయింది.

తిరుపతిలో ఎన్ని ఆసుపత్రులుంటే ఏం, ఎముక విరిగితే మా వాళ్ళ కళ్ళకు పుత్తూరు తప్ప ఇంకో ఊరు కనపడదు. కారు మాట్లాడుకుని నేరుగా అక్కడికే పోయాం. ఆకు పసరు, కోడిగుడ్డు సొన పూసి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. ఇంటికొచ్చి మంచమెక్కిన నాయన అక్కడి నుంచే తీర్పు చెప్పాడు.

"పాపా, ఇంగొక్కటి కొరికినాదంటే దీన్ని పాకాలలో మీ అత్త మామిడి తోటకు పంపించేస్తా. నువ్వు ఏడ్చినా వినేది లేదు."

వానలో వణుకుతుంటే చున్నీలో చుట్టి తెచ్చుకున్న పిల్ల అది. ఐదు నెలలది. రాత్రిళ్ళు నా పాదాల మీద తల పెట్టుకుని నిద్రపోతుంది. దాన్ని పంపించేస్తే నా ప్రాణం ఒప్పుకోదు. ఎట్లయినా కొరుకుడు మాన్పించాలి.

అమ్మ చెప్పులకు కారం పూసింది. మా ఇంటి సంగటి, మిరపకాయలు దండిగా వేసి నూరిన ఊరిబిండి తిని పెరిగిన ప్రాణి, కారానికి జడుస్తుందా? రెండు తుమ్ములు తుమ్మి, నీళ్ళు తాగొచ్చి, చెప్పును కారంతో నంజుకుని తినింది. నేను కుర్చీ కాళ్ళకు వేపనూనె పూశాను. అది బల్లకు మారింది. ఆ వాసనకు చుట్టాలు రావడం మాత్రం తగ్గింది, అదొక్కటే లాభం.

చివరికి పశువుల డాక్టరమ్మ దగ్గరికి ఎత్తుకుపోతే ఆమె నవ్వేసింది. "పాలపండ్లు ఊడి కొత్తవి వచ్చే వయసమ్మా. చిగుళ్ళు సలుపుతాయి, ఏదో ఒకటి కొరకాల్సిందే. చెప్పులు ఎత్తిపెట్టి, దానికంటూ ఒకటి ఇయ్యండి. పాత గుడ్డ ముడేసి, తడిపి, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి మీ ఎదురుగానే కొరకనియ్యండి. ఇంకోటి, అది ఏదన్నా ఎత్తుకపోతే వెంటపడొద్దు. ఆట అనుకుంటుంది. వేరేది చూపించి మార్చుకోండి."

నాకు సిగ్గేసింది. నెలల తరబడి ఇంటిల్లిపాదీ దాని వెనక పరిగెత్తామే! మనుషులు చెప్పులు కొనేదే ఈ ఆట కోసమని అది అనుకునుంటుంది.

చెప్పులు బీరువా పైకి పోయాయి. అమ్మ పాత నూలుచీర ముక్కలై ఐసు గిన్నెల పక్కన చేరింది. పొద్దునా సాయంత్రం నేను దాన్ని నడకకు తీసుకుపోయాను. వారం గడిచింది, ఒక్క వస్తువుకూ పంటిగాటు పడలేదు. నేను కాలర్ ఎగరేశాను.

పగలంతా నేను బడిలో, అమ్మ కుట్టుమిషను దగ్గర. నాయనేమో వీధిలో పోయేవాళ్ళను ఆపి మరీ మాట్లాడే మనిషి. ఇప్పుడాయనకు దొరికిన శ్రోత ఒక్కటే. ఒకరోజు నేను తొందరగా ఇంటికొస్తే, గుడ్డముడి చేత పట్టుకుని, టమేటా ధర ఎందుకు పడిపోయిందో కుక్కపిల్లకు వివరిస్తున్నాడు. నన్ను చూడగానే గొంతు మార్చేశాడు.

"దీని మొగం సూడు! పంపించేది పంపించేదే."

ఆదివారం మధ్యాహ్నం కొంప మునిగింది. నాయన కునుకు తీస్తున్నాడు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన కట్టు మీది గుడ్డ పీలికలై ఉంది, ఒక వెదురు బద్ద కుక్కపిల్ల నోట్లో ఉంది. గుడ్డుసొన వాసన మరి! చెరుకుముక్క నమిలినట్టు కళ్ళు మూసుకుని నములుతోంది. వెంటపడొద్దని ఇంటందరికీ పాఠాలు చెప్పిన నేనే "అయ్యో!" అని కేకపెట్టి పరిగెత్తాను. అమ్మ చీపురుతో వచ్చింది. మంచం చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాం. కుక్కపిల్ల ఆనందానికి హద్దు లేదు.

నాయన కళ్ళు తెరిచాడు. కాలు చూసుకున్నాడు. ఇంట్లో పరిగెత్తలేని మనిషి ఆయనొక్కడే. దిండు పక్కనున్న గుడ్డముడి తీసి ఊపాడు.

"ఇట్రా. ఇది తీసుకో, అదియ్యి."

అది బుద్ధిగా వచ్చి బద్దను ఆయన అరచేతిలో పెట్టింది.

"కారు పిలువు" అన్నాడు నాతో. అంతే, పుత్తూరు దాకా ఇంకో మాట లేదు. నోరు మూయని మనిషి మాట్లాడకపోతే ఎంత భయమో ఆరోజే తెలిసింది. తోటలో గొలుసుతో కట్టేసిన నా పిల్ల కళ్ళముందు మెదిలి దారంతా ఏడ్చాను.

కట్టు కట్టే ఆయన పీలికలు విప్పి, బద్దను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏం పెద్దాయనా, కట్టు ఇట్లయిపోయినాది?"

నేను నిజం చెప్పబోయాను. నాయన నా చెయ్యి గట్టిగా నొక్కాడు.

"దురదయ్యా. నేనే గీరుకున్నా."

ఆయన బద్ద మీది గాట్లు నాయన ముఖం ముందు పెట్టాడు. "పండ్లతోనా?"

నాయన రెప్ప కూడా వేయలేదు.

"శానా దురదయ్యా."