వెనక ఎవరూ లేని బండి

టెక్సస్‌లోని ప్లేనోలో ఏ హోటల్‌కి వెళ్లినా గుమ్మం దగ్గర మొదట అడిగేది ఎంతమంది అని. భర్త పోయాక ‘ఒక్కదాన్నే’ అని చెప్పలేక గిరిజ హోటళ్లకు వెళ్లడమే మానేసింది. ఆఫీసులో టెస్టింగ్ పని, శనివారం గుడిలో ప్రసాదం పొట్లాలు కట్టడం, అంతే ఆమె లోకం.

గుడిలో పరిచయమైన శ్రీవిద్య, ఆమె భర్త రాజీవ్ క్రిస్మస్ సెలవుల్లో కొలరాడో కొండలకు వెళ్తూ గిరిజను వదల్లేదు.

“నువ్వు రాకపోతే మేమూ క్యాన్సిల్ చేస్తాం అక్కా” అని బెదిరించి మరీ శ్రీవిద్య కారెక్కించింది. దారికి పులిహోర కూడా తనే కలిపింది.

తీరా మంచు మీద నడిపే స్నోమొబైల్ బళ్ల టూర్ దగ్గరికి వస్తే అందరూ జంటలే. రాజీవ్, శ్రీవిద్యలది ఒక బండి, ఇంకో రెండు జంటలవి రెండు. రాజీవ్‌ని విడిగా పంపి తను అక్క వెనక కూర్చుంటానంది శ్రీవిద్య. వాళ్ల సరదా పాడుచేయడం ఇష్టంలేక గిరిజ ఒప్పుకోలేదు. గైడ్ డెనీస్ అనే పెద్దావిడ గిరిజ గడ్డం కింద హెల్మెట్ పట్టీ తల్లిలా సరిచేసి, నిబ్బరంగా నడిపేవాళ్లే చివర ఉండాలని ఆమెను చివర్న నిలబెట్టి, తను అందరికంటే ముందు బండి ఎక్కింది.

కొండదారిలో ఒక పద్ధతుంది. ఎదురుగా ఎవరైనా వస్తే, తన వెనక ఎన్ని బళ్లున్నాయో ప్రతివాళ్లూ వేళ్లతో చూపాలి. చివరి బండి మనిషి పిడికిలి ఎత్తాలి. నా వెనక ఎవరూ లేరని దానర్థం.

ఎదురైన ప్రతి గుంపుకూ గిరిజ పిడికిలి ఎత్తింది. హోటల్ గుమ్మంలో చెప్పలేని మాటే ఇక్కడ కొండంతటికీ చాటుతున్నట్టు అనిపించింది.

మంచు జోరందుకుంది. ఒక మలుపులో ఆమె బండి దారి తప్పి మెత్తటి మంచులో కూరుకుపోయింది. కేక వేసింది. ముందు బళ్ల హోరులో అది ఎవరికీ వినపడలేదు. బండి వదిలి నడవొద్దని డెనీస్ ముందే చెప్పింది కాబట్టి అక్కడే కూర్చుంది. రోజూ తడుముకోకుండా చదివే విష్ణు సహస్రనామం సగంలోనే ఆగిపోయింది. తను లేనని ఎవరికి తెలుస్తుంది? హెల్మెట్‌లో తన ఊపిరి తప్ప మరో అలికిడి లేదు.

కాసేపటికి మలుపులో దీపాలు కనిపించాయి. ఎదురు గుంపు ఒకటి దారి అంచులు వెతుక్కుంటూ మెల్లగా వస్తోంది. ముందున్న తెల్లగడ్డం ముసలాయన ఆమెను చూడగానే బండి ఆపాడు.

“మీ గైడ్ నాలుగు వేళ్లు చూపించిందమ్మా. ఆవిడ వెనక మాకు మూడే బళ్లు ఎదురయ్యాయి. పిడికిలి కనబడలేదు” అన్నాడు. “అది కనబడేదాకా వెతకాలి కదా.”

గిరిజ చేతులు జోడించింది. ఆయన గుంపువాళ్లంతా కలిసి బండిని దారిలోకి లాగారు. ముసలాయన తనవాళ్లను అక్కడే ఆగమని, ఆమె మనుషులు కలిసేదాకా వెనకే వస్తానన్నాడు. ఆయన దీపం వెలుగు ఆమె ముందున్న మంచు మీద పడుతూ వచ్చింది.

కొంతదూరం పోయాక డెనీస్ బండి ఎదురొచ్చింది. మిగతావాళ్లను ఎక్కడో ఆపి, ఒక్కతే వెతుక్కుంటూ వస్తోంది. ఆమె పిడికిలి ఎత్తింది.

గిరిజ కూడా అలవాటుగా పిడికిలి ఎత్తబోయి, ఆగి, ఒక వేలు చూపించింది.