కోయ భాషలో నా మొదటి, చివరి ప్రసంగం

మూడే మూడు పాఠాలతో ఒక ఊరి కోళ్లన్నింటినీ అడవి పట్టించిన మహా వక్త ఎవరో తెలుసా? నేనే. కోళ్లతో ఆగి ఉంటే ఈ ముచ్చట హాయిగా నవ్వుతూ చెప్పేవాణ్ణి.

అప్పుడు నేను భద్రాచలం అడవి అంచున ఒక చిన్న బడిలో వాలంటీరును. కోయగూడెం పిల్లలు రావడం మానేశారు. పెద్దసారు తల పట్టుకున్నాడు.

"సోమవారం ఆఫీసరు వస్తడు తమ్మీ. గది ఖాళీగ కనబడితే బడికి తాళమే."

"తెలుగుల పిలిస్తే ఎట్లొస్తరు సార్? వాళ్ల భాషల పిలవాలె."

"నీకొస్తదా?"

"ఇల్లందు లైబ్రరీల కోయ భాష పుస్తకం మొత్తం కంఠస్థం పట్టిన!"

"ఎవరితోనన్న మాట్లాడినవా?"

"మాట్లాడుడేంది సార్, చదివిన!"

పుస్తకం హస్తభూషణమంటారు. నాకది కిరీటం. నూరేళ్ల కిందట గుర్రమెక్కి ఈ అడవులు తిరిగిన ఓ తెల్లదొర రాసింది. పాఠాల వరస తప్పితే పాండిత్యానికి మచ్చ కదా! అందుకని గూడెం నడుమ నిలబడి, సుప్రభాతం చదివినట్టు మొదటి పాఠం అందుకున్నాను.

"మంచం వెయ్యి. నీళ్లు తే."

మంచం పడింది. నీళ్లొచ్చాయి. ఆహా, ఎంత స్వచ్ఛమైన ఉచ్చారణ నాది! ఆ ఊపులో రెండో పాఠం. "మీ ఊళ్లో కోళ్లెన్ని?"

ఆడవాళ్లు గబగబా ఇళ్లలోకి వెళ్లారు. కోళ్ల గంపలు పెరటి దారిన అడవి వైపు కదిలాయి. నేను మూడో పాఠానికి గొంతు సవరించుకున్నాను.

"ఈ చేను ఎవరిది? హద్దు చూపించు."

పోడు చేలను ఫారెస్టోళ్లు ఎప్పుడు లాక్కుంటారోనని బిక్కుబిక్కుమంటున్న ఊళ్లో అడిగానండీ ఈ మాట! పెద్దలు పిల్లల్ని చంకనేసుకుని అడవి దారి పట్టారు. బడికి పంపే ముందు వాగులో స్నానాలు చేయించడానికేమో అనుకున్నాను. నా తెలివి అలాంటిది.

నడవలేక జోగమ్మ అవ్వ ఒక్కతే మిగిలింది. తెలుగులోనే అడిగింది.

"ఏ ఆఫీసు సారూ?"

"ఆఫీసు కాదవ్వా, బడి!"

"మరి కోళ్ల లెక్క నీకెందుకు?"

"పుస్తకంల గట్లనే ఉన్నది."

"పిల్లలను బడికి పంపుండ్రి అని లేదా?"

"లేదు."

"తిన్నవా అని?"

"... అదీ లేదవ్వా."

"ఎవరు రాసిండ్రు?"

"పాతకాలం తెల్లదొర."

"అవ్, గదే అనుకున్న. గా మాటలు చెవిన పడంగనే ఉరకాలె అని మా తాత చెప్పేటోడు."

నా చదువు అడవిగాచిన వెన్నెలైనా బాగుండేది. కార్చిచ్చయింది. సోమవారానికి ఒక్క పిల్లా రాలేదు. ఆఫీసరు వచ్చాడు, ఖాళీ గది చూశాడు, రాసుకుని వెళ్లాడు. తరవాత కొన్నాళ్లకు తాళం వేస్తూ పెద్దసారు అన్నాడు:

"భాష రాక మూతబడ్డ బళ్లు మస్తుగ చూసిన తమ్మీ. భాష వచ్చి మూతబడ్డది గిదొక్కటే."

కనుక, ఇల్లందు లైబ్రరీ బీరువాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ భాష పుస్తకం తెరిచినా ముందుగా "తిన్నవా?" ఎక్కడుందో వెతుకుతాను. లేకపోతే అక్కడికక్కడే మూసేస్తాను. మూయించడంలో నాకు మంచి అనుభవం ఉంది.