ఆమె నొప్పికి నేను చెప్పిన అంకె

నా భార్యకు గర్భసంచి ఆపరేషన్ అయిన రెండో రోజు ఉదయం, నరసరావుపేట ఆసుపత్రిలో ఒక నర్సు మంచం పక్కకు వచ్చింది. "సున్నా అంటే నొప్పి లేనట్టు, పది అంటే తట్టుకోలేనంత. ఇప్పుడు ఎంతుందమ్మా?" అని ఆమెను అడిగింది.

"రెండుంటదిలే సిస్టర్," అన్నాను నేను.

నర్సు రాసుకుని వెళ్ళింది. మా ఇళ్ళలో అదే పద్ధతి. బ్యాంకులోనైనా, డాక్టరు దగ్గరైనా ఆడమనిషిని అడిగిన ప్రశ్నకు పక్కనున్న మగాడు జవాబు చెబుతాడు. నేను అంతటితో ఆగలేదు. వేళకు వేయమని నా చేతికిచ్చిన నొప్పి మాత్రల్లో రెండు పూటలవి వేయకుండా జేబులో పెట్టుకున్నాను. ఒళ్ళు నొప్పులకు ఏళ్ళ తరబడి మందులషాపు మాత్రలు మింగి కిడ్నీలు పాడైనవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. నా భయం ఉత్తది కాదు. కానీ డాక్టరును ఒక్క మాట అడగకపోవడం నా పొగరు.

సాయంత్రం ఆమెను లేపి నడిపించబోయారు. మంచం అంచుదాకా వచ్చి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ వాలిపోయింది. దగ్గమంటే దగ్గలేకపోయింది.

"ఇట్టా కదలకుండా పడుకుంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరుద్ది, కాళ్ళల్లో రక్తం గడ్డకడద్ది. రేపు పొద్దునకల్లా నడవాల," అంది వయసులో పెద్దదైన ఇంకో సిస్టర్. కేస్ షీటు తీసి చూసింది. "రెండంట! రెండుకే ఇంత మెలికలు తిరుగుద్దా? ఎవరు చెప్పారు?"

"నేనే."

"కోత నీకు పడిందా బాబాయ్? పో, బయట కూర్చో."

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపు తీసే ఉంది.

"పిన్నీ, అంకెలు వదిలెయ్. మిరపకాయలు కోశావా ఎప్పుడన్నా?"

"చానా ఏళ్ళు కోశా."

"ఆ రోజు చేతుల మంట కంటే ఇది ఎక్కువా, తక్కువా?"

నా భార్య నవ్వబోయి మూలిగింది. "నవ్వించమాకమ్మా, కుట్లు లాగుతన్నయ్. దీని ముందు ఆ మంటెంత!"

"మరి పొద్దున చెప్పవేం?"

"ఆయన రెండన్నాక నేను ఎనిమిదంటే ఏం బాగుంటది?"

లేచి లోపలికి వెళ్ళి, జేబులోని మాత్రలు తీసి బల్ల మీద పెట్టాను. సిస్టర్ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆపరేషన్‌కు ముందే కిడ్నీ పరీక్షలు చూశారని, డాక్టరు లెక్కగా రాసిన నాలుగు రోజుల మందు వేరు, ఏళ్ళపాటు సొంతంగా మింగేది వేరని చెప్పింది. డాక్టరుకు ఫోన్ చేసి అడిగి, ఇంజెక్షన్ ఇచ్చింది. ఆ తర్వాత ప్రతి మాత్రా వేళకు వేశాను.

తెల్లవారాక నా భార్య ఒక చెయ్యి పొట్టకు అదుముకుని, ఇంకో చెయ్యి నా భుజం మీద వేసి వరండా చివరి కిటికీ దాకా నడిచింది. అక్కడ నిలబడి గట్టిగా దగ్గింది కూడా. సిస్టర్ ఎదురొచ్చి, "ఇప్పుడెంత?" అంది.

అలవాటుకొద్దీ నోరు తెరిచి, మూసుకున్నాను.

"మూడు," అంది నా భార్య. నా వైపు ఓసారి చూసి, "కాదు, నాలుగు రాసుకోమ్మా" అంది.