ఎవరూ వెనక్కి పిలవని చోట

సోమవారం పొద్దున ట్రామ్‌లో ఆఫీసుకు పోతుంటే వదిన ఫోన్ చేసింది. "చెల్లె, మీ అన్న పోయిండు," అంది. ట్రామ్‌లో ఎవరి ఫోన్ వాళ్లది, ఎవరి పుస్తకం వాళ్లది. ఎదురుగా కూర్చున్న ముసలావిడ నా మొహం చూసి, సంచిలోంచి ఒక టిష్యూ తీసి ఇచ్చి, మళ్లీ కిటికీ వైపు తిరిగింది. జర్మనీలో, ఈ కార్ల్స్‌రూహె ఊళ్లో, ఓదార్పు అంటే అంతే. దిగాల్సిన స్టాప్ దాటిపోయిందని నాకు చాలాసేపటికి గానీ తెలియలేదు.

ఆయన నాకు సొంత అన్న కాదు. నేను కెమ్నిట్జ్‌లో మాస్టర్స్ ముగించి, ఉద్యోగం దొరక్క, వీసా గడువు దగ్గరపడి బిక్కుబిక్కుమంటూ ఉన్నప్పుడు తన ఆఫీసులోకి తీసుకున్న మనిషి. మొదటిరోజు "సార్" అని పిలిస్తే, "సార్ అంటే ఏమొస్తది? అన్నా అను, కనీసం చాయ్ అయిన దొరుకుతది," అన్నాడు. చాయ్ దొరికింది. అప్పటినుంచి అన్నే.

ఆయన చేసే పని ఏమిటో మా చుట్టాల్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. మీకూ కొత్తే కావచ్చు. కొన్ని యూనివర్సిటీల ఆటల జట్లు కలిసి ఒక కూటమి కడతాయి. ఆ కూటమి ఆటల్ని చూపించే హక్కును టీవీ ఛానెళ్లకు అమ్మాలి. అమెరికాలో ఇది పెద్ద వ్యాపారమట, దానికోసం కోర్టులకెక్కుతారట. జర్మనీలో యూనివర్సిటీ ఆట అంటే ఆడేవాళ్ల అమ్మానాన్నలు కూడా లేచి రారు. అలాంటి సరుకును అమ్మిపెట్టడం అన్న ఉద్యోగం. ఆయన బేరమాడేవాడు, కుదిరిన మాటల్ని నేను ఒప్పందంగా రాసేదాన్ని.

ఛానెల్ వాళ్లతో టెర్మిన్, అంటే కలిసే రోజు, ఖాయమైందంటే చాలు, ఆ వారాంతం కూటమిలో అన్నిటికన్నా ఎక్కువగా ఓడిపోయే జట్టు ఆట చూడడానికి అన్న బయల్దేరేవాడు. నన్నూ లాక్కెళ్లేవాడు. చాలాసార్లు అది తూర్పున ఓ చిన్న ఊరి అమ్మాయిల హ్యాండ్‌బాల్ జట్టు. రైళ్లు మారి మారి పోతే, చివరికి చలి కొరికే ఒక హాలు, చెక్క బల్లలు, బూట్ల రబ్బరు వాసన. వదిన కట్టిచ్చిన పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని చివరి విజిల్ దాకా కదిలేవాడు కాదు. మోకాలికి పట్టీ వేసుకుని ఆడే గోల్‌కీపర్ అమ్మాయి ఒకతి ఉండేది. బంతి ఆపినా, ఆపలేకపోయినా అన్న చప్పట్లు ఆమెకే.

"వీళ్లనెవరు చూస్తారన్నా టీవీలో?" అని ఒకసారి విసుక్కున్నాను. కాళ్లు కొంకర్లు పోతున్నాయి మరి.

"ఆ పిల్ల చూసుకుంటది. వాళ్ల అమ్మమ్మ చూస్తది. ముందుగాల మనం చూడాలె కద? మనం చూడనిది మనం అమ్మొద్దు చెల్లె, గంతే," అని పులిహోర డబ్బా నా వైపు జరిపాడు.

ఛానెళ్లకు కావలసింది పెద్ద యూనివర్సిటీల అబ్బాయిల బాస్కెట్‌బాల్ ఒక్కటే. అన్న అదొక్కటే విడిగా అమ్మేవాడు కాదు. తీసుకుంటే అన్నీ తీసుకోవాలి, అమ్మాయిల హ్యాండ్‌బాల్‌తో సహా. పెద్ద యూనివర్సిటీల వాళ్లకు ఇది మింగుడుపడేది కాదు. విడిగా పోతే ఈ ఏడు మీకు లాభమే, వచ్చే ఏడు మీతో ఆడడానికి ఎవరు మిగులుతారు అని అన్న జర్మన్‌లో, ఎంతో మెల్లగా అడిగేవాడు. అన్నేళ్లూ కూటమిని నిలబెట్టింది ఆ మెత్తటి మొండితనమే.

బేరం ఎక్కడ నేర్చుకున్నావన్నా అంటే వరంగల్ బట్టల దుకాణం సంగతి చెప్పేవాడు. "మా అమ్మ చీర ధర ఇంటది, చెప్పులేసుకుంటది, మెట్లు దిగుతది. నాకేమో చీర పాయె అని ఏడుపు. నాలుగడుగులు పోంగనే షాపాయన పిలిచేటోడు, 'రా అమ్మా, మాట్లాడుకుందాం' అని. ఆ పిలుపు కోసమే మా అమ్మ మెల్లగ నడుస్తుండె." ఇలా చెప్పి నవ్వి, అంతలోనే వేలు చూపించేవాడు. "గని ఈడ లేస్తే లేచినట్టే. ఎవ్వలు వెనక్కి పిలవరు. యాది పెట్టుకో." ఆఫీసులో కొత్తగా చేరిన మన పిల్లలందరికీ ఆయన చెప్పే మొదటి పాఠం అదే.

పోయినేడు ఆయన పొట్టలో గడ్డ బయటపడింది. డాక్టర్లు ఏదీ దాచలేదు, ఇక్కడ దాచరు. సరిగ్గా అప్పుడే పాత ఒప్పందం ముగియవచ్చింది. కొత్తది కుదరకపోతే కూటమి చీలిపోతుందని అందరికీ తెలుసు. పెద్ద యూనివర్సిటీల వాళ్లు అప్పటికే పక్కచూపులు చూస్తున్నారు. ఇంట్లో పడుకోమని వదిన పోరింది, నేనూ పోరాను. "ఇదొక్కటి కుదిర్చి పండుకుంట," అన్నాడు. ఆ మాటకు వదిన వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ రోజు గదిలో ఛానెల్ తరఫున వచ్చిన ఆవిడ, అన్న, నేను. ఆవిడతో అన్నకు ఏళ్ల పరిచయం, ఒకరంటే ఒకరికి గౌరవం. బాస్కెట్‌బాల్ తీసుకుంటాం, మిగతావి వద్దు అంది. అన్న కుదరదన్నాడు. ఆవిడ అదే మాట ఇంకోరకంగా అంది. అన్న ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఒక్క క్షణం బల్ల అంచు పట్టుకుని, కోటు గుండీ పెట్టుకుని, "అయితే ఇక మాట్లాడడానికేమీ లేదు," అని తలుపు వైపు నడిచాడు. ఆవిడ కాసేపు ఆ తలుపునే చూసింది. "షాడె," అంది చివరికి. పాపం, ఇలా అయిందే అన్నట్టు. పెన్నుకు క్యాప్ పెట్టి, లేచి నాకు చెయ్యి ఇచ్చింది.

కింద ట్రామ్ స్టాప్ బెంచీ మీద కూర్చున్నాడు అన్న, ఫోన్ అరచేతిలో పెట్టుకుని. మా ట్రామ్ వచ్చింది. లేవలేదు. తర్వాతిది వచ్చింది, అదీ పోయింది.

"పోదామా అన్నా?"

"ఆగు చెల్లె. పిలుస్తరు."

పిలవరని నాకు చెప్పింది ఆయనే కదా. పక్కన కూర్చున్నాను. కొంతసేపటికి ఆయనే, పట్టాల వైపు చూస్తూ అన్నాడు. "నొప్పికి లేచిన చెల్లె. కూసోని ఉండలేకపోయిన. లేచినంక మల్ల కూసుంటే, వీని పని అయిపోయింది అనుకుంటరు. అందుకే నడిచిన. నడుస్తుంటే అనిపించింది, పిలుస్తరేమో అని."

ఇంకో ట్రామ్ వచ్చింది. ఫోన్ మోగలేదు.

ఆ నెలలోనే ఛానెల్ ఆ పెద్ద యూనివర్సిటీల వాళ్లతో విడిగా మాట్లాడుకుంది. కూటమి చీలిపోయింది. చిన్న ఊళ్ల జట్లు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఆస్పత్రిలో చూడబోతే అన్న మొదట అడిగింది, "ఆ గోల్‌కీపర్ పిల్ల ఆడుతున్నదా?" అని. జీవితమంతా అవతలివాళ్ల మొహాలు చదివిన మనిషి ముందు అబద్ధం నిలవదు. "జట్టు తీసేశారన్నా," అన్నాను. "అట్లనా," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేను. గడ్డ మీదా, ఛానెల్ మీదా, ఆ నాలుగు గోడల గదిలో మర్యాదగా మూసుకున్న ఆ తలుపు మీదా.

అంత్యక్రియలకు ఛానెల్ ఆవిడ కూడా వచ్చింది, తెల్లపూలు పట్టుకుని. నన్ను పక్కకు పిలిచి అంది. "ఆ రోజు ఆయన తలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి ఉంటే కూర్చోమనేదాన్ని. హ్యాండ్‌బాల్ విషయంలో కొంత దిగిరావడానికి నాకు అనుమతి ఉండింది."

"మరి మీరెందుకు పిలవలేదు?"

ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఆయన నిర్ణయం చెప్పేశారు కదా. అంత అనుభవం ఉన్న మనిషిని వెనక్కి పిలిస్తే, మీరు చెప్పింది మేం నమ్మలేదు అన్నట్టు. అది అవమానం." ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

మా వైపు శ్మశానానికి తీసుకుపోతూ దారిలో పాడె దింపుతారు. దింపుడు కళ్లం అంటారు. పోయిన మనిషి చెవి దగ్గర వంగి పిలుస్తారు, ఏమో, ప్రాణం వెనక్కి వస్తుందేమోనని. రాదని తెలుసు. అయినా పిలవకుండా పంపించరు. ఇక్కడ పాడె లేదు, మోసేవాళ్లు లేరు. చక్రాల బండి మీద చెక్క పెట్టె, దాన్ని నెట్టడానికి నల్లకోటు వేసుకున్న ఒకాయన, ఎదురుగా దహనం గదిలోకి ఒక తలుపు. వదిన తన కూతురి చెవిలో ఏదో అంది. ఆ పిల్ల వెళ్లి కాసేపు ఆపమని ఆయన్ని జర్మన్‌లో అడిగింది. ఆయన తలూపి, తలుపుకు ఇవతలే బండి ఆపాడు.

"పాపా," అంది ఆ పిల్ల, నాన్నను ఇక్కడి పిల్లల్లాగే పిలుస్తూ. వదిన పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది, ఏమీ అనలేదు. మొగుడి పేరు ఆమె నోట ఎన్నడూ వినలేదు నేను.

నేను తల వైపుకు పోయి వంగాను. మెల్లగా పిలవాలనుకున్నాను గానీ, బజారులో పిలిచినట్టే వచ్చింది.

"అన్నా! రా అన్నా, మాట్లాడుకుందాం."

హాలంతా వినబడింది. పూలు పట్టుకున్న ఆవిడ తలెత్తి చూసింది. నల్లకోటు ఆయన పిడి మీద చెయ్యి వేసి, మేము చెప్పేదాకా బండి నెట్టకుండా నిలబడ్డాడు.