అడుగంటిన మైనం బిళ్ళ

గోవిందస్వామి నాయుడుకి మైక్రోస్కోపుతో పెద్దగా పనిలేదు. రంగు వేసిన గాజుపలకని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి, "ఇది కడుపు, ఇది కాలేయం" అనేసేవాడు. డాక్టర్లు లోపలికెళ్ళి చూసుకుని, అవునని తల ఊపుతూ బయటికి వచ్చేవాళ్ళు.

మద్రాసులో ఒక పెద్ద ఆసుపత్రి ల్యాబులో అతనిది ఇరవై ఎనిమిదేళ్ళ నౌకరీ. పంతొమ్మిదో ఏట సీసాలు కడగడానికి చేరాడు. పెరంబూరు రైలు వర్క్‌షాపులో పనిచేసే తండ్రి, "ఇనుము కొట్టేవాని కొడుకు మాంసం కోస్తా ఉండాడు చూడండ్రా" అని వీధంతా నవ్వించాడు. కొడుకు పట్టించుకోలేదు. రోగి ఒంట్లోంచి తీసిన ముక్క మీద కరిగిన మైనం పోసి బిళ్ళ చేస్తారు. దాన్ని మిషనుకి బిగించి చక్రం తిప్పితే, తిప్పుకొక్కటి చొప్పున, వెంట్రుక కంటే పలచటి పొరలు రిబ్బనులా జారుతాయి. వాటిని గోరువెచ్చటి నీళ్ళ మీద పరిచి గాజుపలక మీదికి ఎత్తి రంగు వెయ్యాలి. ఎండాకాలంలో మైనం మెత్తబడి పొర ముడుచుకుంటుంది. అప్పుడు బిళ్ళని మంచు మీద ఎంతసేపు పెట్టాలో, ఎప్పుడు నోటితో ఆవిరి ఊదాలో తెలిసినవాళ్ళు ఊళ్ళో నలుగురైదుగురు. వాళ్ళలో ఇతనొకడు.

అతని సూత్రం ఒకటే. బిళ్ళలో మూడో వంతు ముక్క ఎప్పుడూ మిగలాలి. రేపు ఏ డాక్టరు ఏ పరీక్ష అడుగుతాడో ఎవరికి తెలుసు? "వడ్డించేవాడు గిన్నె అడుగు కనపడనియ్యకూడదు" అని పక్క మిషను మీద పనిచేసే ఆరోగ్యమేరిని పదహారేళ్ళుగా సతాయించాడు. ఆమె అరవంలో గొణిగేది, "మీ ఇంట్లో వడ్డించేది మీరా, అన్నా? పాపం వదిన."

ఆ వదిన పేరు చూడామణి. పిల్లలు లేరు. తొంభై ఆరు మార్చిలో ఆమె మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ లేచింది. ఆసుపత్రిలో మినప్పప్పు బద్దంత ముక్క తీసి సీసాలో వేశారు.

"దీన్ని మేరి కోస్తుంది. మీరు వద్దు నాయుడు గారూ" అన్నాడు డాక్టర్ సుధీంద్ర. మైలాపూరు మనిషి. ఒకప్పుడు ఇక్కడే విద్యార్థి, గోవిందస్వామి కోసిన పలకల మీదే చదువుకున్నవాడు.

"ఇన్నేండ్లు ఊరోళ్ళకంతా కోసినా. నా ఇంటిదానికి నేను కోయకూడదా సార్?"

కోశాడు. రంగు వేశాడు. అలవాటుగా కిటికీకి ఎత్తిపట్టాడు. ఏదీ తెలియలేదు. పలకంతా ఒకటే ఊదారంగు. మైక్రోస్కోపు కింద పెట్టినా అంతే. గ్రంథి గుండ్రం లేదు, చర్మపు వరస లేదు. పెద్ద పెద్ద కేంద్రకాలతో ఒకేలాంటి కణాలు, కిక్కిరిసిన ఎలక్ట్రిక్ రైలు పెట్టెలోలా.

డాక్టరు చాలాసేపు చూశాడు. "కాన్సరే. ఏ జాతిదో చెప్పలేను. గర్భంలో పిండం మొదలైనప్పుడు కణాలన్నీ ఒకేలా ఉంటాయి కదా. తర్వాత ఒకటి కాలేయం పని నేర్చుకుంటుంది, ఒకటి పేగు పని. ఒంట్లో కొన్ని మాత్రం ఏ పనీ నేర్చుకోకుండా, కొత్తవాటిని పుట్టిస్తూ ఉండిపోతాయి. మూలకణాలు. కొన్ని కాన్సర్లు ముదిరేకొద్దీ ఆ మూలకణాల వాలకంలోకి పోతాయి. పనీపాటా లేదు, పెరగడం తప్ప."

"నేర్చినదాన్ని మరిచిపోతాయా సార్?"

"మరిచిపోతాయని కొందరు అంటారు. అసలు బడికే పోని మూలకణమే చెడి ఇలా అయిందని కొందరు. రక్తపు కాన్సర్ల మీద ఇప్పుడిప్పుడే రాస్తున్నారు. ఇంకా ఎవరికీ తేలలేదు."

మిగిలింది ఆయన మెల్లగా చెప్పాడు. ఇది లింఫు కణాల కాన్సరయితే మందులకి లొంగవచ్చు, బతికే అవకాశం ఉంది. వేరే అవయవంలో పుట్టి మెడకి పాకినదయితే చేసేదేమీ లేదు. పొరపాటు మందిస్తే ఉన్న ఒళ్ళు కూడా పాడవుతుంది.

గోవిందస్వామికి చెవిలో ఒక్క మాటే నిలిచింది. మరిచిపోవడం. మరిచిపోయినవాళ్ళలో ఒకరికైనా ఏదో గుర్తుండకపోతుందా? ముక్కలో ఏదో ఒక మూల తన పుట్టుక మరిచిపోని నాలుగు కణాలు ఉంటాయి. ఇరవై ఎనిమిదేళ్ళ కన్ను వాటిని పట్టుకోలేదా?

ఆదివారం పొద్దున ల్యాబులో ఎవరూ ఉండరు. తాళం తీసి, మంచు గడ్డ తెచ్చుకుని కూర్చున్నాడు. పది తిప్పులకొక పొర తీసి పలక మీద పెట్టడం, మిగతా తొమ్మిది పారెయ్యడం. రంగు, కిటికీ, మైక్రోస్కోపు. ఊదారంగు. మళ్ళీ పది. ఇరవయ్యో పలకలో ఒకచోట గుండ్రంగా ఏదో కనిపించి పెద్ద లెన్సు తిప్పాడు. చూస్తే నలిగిన రక్తనాళం. అక్కడికి దగ్గర్లోనే ఇంకోటి ఉండొచ్చుననుకున్నాడు. నలభై అయ్యాయి. మూడో వంతు గీత దాటానని చేతికి తెలుసు. చెయ్యి ఆగలేదు. అరవయ్యో పలక తీస్తున్నప్పుడు రిబ్బను తెల్లగా వచ్చింది. చక్రం ఇంకో నాలుగుసార్లు తిప్పాడు. తెల్లగానే వచ్చింది. మైనం, వట్టి మైనం.

సోమవారం డాక్టరు ఉత్సాహంగా వచ్చాడు. "బొంబాయిలో మా ప్రొఫెసర్‌తో మాట్లాడాను. వాళ్ళ దగ్గర కొత్త పరీక్ష ఉంది. కణం పైకి ఎంత మారినా, లోపల ఏ జాతిదో రంగు పట్టి చూపిస్తుంది. బ్లాక్ ఇవ్వండి, ఇవాళే పంపుదాం."

గోవిందస్వామి బిళ్ళ ఇచ్చాడు. డాక్టరు దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, తిప్పి మళ్ళీ చూశాడు.

"ముక్కేదీ?"

ట్రేలో వరసగా ఉన్న అరవై పలకలని చూపించాడు.

"ఇవి పనికి రావు నాయుడు గారూ. దానికి వేరే పూత పూసిన గాజు కావాలి. మామూలు పలకల మీదివి ఆ పరీక్ష వేడికి ఊడిపోతాయి." డాక్టరు బిళ్ళని మెల్లగా బల్ల మీద పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పలకకెక్కించకుండా పారేసిన తొమ్మిదేసి పొరలు గుర్తొచ్చి గోవిందస్వామి చెత్తబుట్ట దగ్గరికి పరిగెత్తాడు. ఖాళీ. ఊడ్చే మనిషి పొద్దున్నే తీసుకుపోయింది. ఆసుపత్రి వెనక రేకు తొట్టిలో మోకాళ్ళ మీద వెతికాడు. దొరికాయి. కానీ అప్పటికే పదకొండు గంటల ఎండ. కాలిన రేకు మీద రిబ్బన్లన్నీ కరిగి, దూది, సిగరెట్టు పీకలతో కలిసి ముద్దయ్యాయి. ముద్దని చేతిలో పట్టుకుని నిలబడితే ఆరోగ్యమేరి వచ్చి దాన్ని వేళ్ళల్లోంచి విడిపించి పారేసింది.

మళ్ళీ ముక్క తియ్యాలి. ఆ సంగతి ఇంటికెళ్ళి చెప్పాడు. జరిగింది దాచలేదు. చూడామణి మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చెయ్యి ఆపింది.

"నా మెడ గూడా మీకు మైనమేనా?"

అతను కింద పడిన గింజలు ఏరడం మొదలుపెట్టాడు.

"మీరే గదా చెప్తా ఉంటిరి, గిన్నె అడుగు చూడకూడదని. ఊరికంతా చెప్పి, నా గిన్నె అడుగంటా నాకేసినారా?"

"ఆడ ఏదో ఒకటి కనపడతాదనుకుంటిని చూడా."

"కనపడిందా?"

"లేదు."

ఆమె గింజలు తీయడంలో పడింది. "నేను మొయ్యాల్సింది గదా, మొయ్యనీండి. ఎప్పుడంట?" అంది.

వెంటనే కాలేదు. గడ్డ పెరిగి ఊపిరిగొట్టం మీదికి వచ్చింది. మత్తు ఇవ్వడానికి ఒకరు భయపడ్డారు, సర్జను వారం వాయిదా వేశాడు. చివరికి సూదితో దారప్పోగంత లాగారు. అంత సన్నటిదాన్ని కోయడానికి ఆరోగ్యమేరికి ధైర్యం చాలలేదు. "నా చేత పాడయితే నేను బతకలేను, మీరే రండి అన్నా" అంది.

బొంబాయి వాళ్ళు పంపిన పూత పలకలు రెండు. రెండు పొరలు కోశాడు. మూడోదానికి చెయ్యి తనంతట తనే చక్రం మీదికి పోయింది. ఒక్కటి కోసి కిటికీకి పెట్టి చూస్తే? ఆరోగ్యమేరి చక్రానికి గొళ్ళెం వేసి, దాని మీద తన చెయ్యి పెట్టి నిలబడింది. అతను బిళ్ళ ఊడదీసి డబ్బాలో పెట్టాడు.

బొంబాయి జవాబు వచ్చేసరికి మొదటి ముక్క ల్యాబుకి వచ్చి ముప్పై తొమ్మిది రోజులు. లింఫు కణాలదే. మందుకి లొంగే జాతి.

"ఆ రోజే తెలిసుంటే, సార్..."

"ఆ రోజయితే బతుకుతుందని ధైర్యంగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు మొదలుపెడదాం. అంతే చెప్పగలను" అన్నాడు సుధీంద్ర.

వార్డులో చూడామణికి పడుకుంటే ఊపిరాడదు. దిండ్లు ఆనించి కూర్చోబెట్టారు. గొట్టంలో ఎర్రటి మందు చుక్కలు చుక్కలుగా దిగుతోంది. గోవిందస్వామి పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె మెడ వైపే చూస్తున్నాడు.

"ఏం చూస్తా ఉండారు?" ఆమె గొంతు గీరుకుపోయి ఉంది. "కరుగుతా ఉందా?"

కిటికీ వెలుతురు సరిగ్గా గడ్డ మీదే పడుతోంది. అతను ఒక కన్ను మూయబోయి ఆగాడు.

"తెలీలేదు చూడా" అన్నాడు.

సీసాలో ఇంకా సగం మందు ఉంది.