కుడిచేతికి సెలవు

మా బాబాయి ఏ వస్తువునూ పరీక్ష పెట్టకుండా కొనడు. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఆయన గురించి అంతా తెలిసినట్టే. గొడుగు కొనాలంటే కొట్టువాడి చేత నెత్తిన బకెట్‌తో నీళ్లు పోయించుకుంటాడు. పరుపుల కొట్లో "ఒక్కసారి నడుం వాల్చి చూస్తా" అని గురకపెట్టి నిద్రపోతే, షట్టరు దించే వేళకి పిన్ని వెళ్లి లేపుకొచ్చింది. ఇంటికొచ్చి "పరుపు బాగానే ఉంది, దిండే నచ్చలేదు" అన్నాడు.

అలాంటి మనిషి పుల్లల పొయ్యి కొంటానన్నాడు. సంచిలో పెట్టుకెళ్లే చిన్న పొయ్యి, అడవిలో ఏరుకున్న ఎండుపుల్లలతో మండుతుంది. అన్నదమ్ములిద్దరూ ఏటా మమ్మల్ని వెంటేసుకుని కొండమీద గుడారం వేస్తారు. అక్కడ వంట మా నాన్నది, వంకలు పెట్టడం బాబాయిది. ఈ ఏడు మాత్రం నాన్న ససేమిరా రానన్నాడు. పక్షవాతం వచ్చి లేచాక ఆయన వాకిలి దాటడమే మానేశాడు. "నేనొచ్చి ఏం చెయ్యాలి? కూర్చోబెట్టి మేపుతారా?" అని అటు తిరిగి పడుకున్నాడు. బాబాయేమో "సరే, నేను పొయ్యి కొనుక్కొస్తా" అని చెప్పులేసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా వెంట వెళ్లాను, కొట్టువాడికి ఎవరో ఒకరు క్షమాపణ చెప్పాలి కదా.

కొట్టు వెనక పెరట్లో పరీక్ష మొదలైంది. బాబాయి కుర్చీ, ఎదురుగా ఇనప స్టూలు వేయించుకున్నాడు. ఇంటి నుంచి మోసుకొచ్చిన పుల్లలు తీశాడు. కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ చెయ్యి కూడా వాడండి సార్!"

"దానికివాళ సెలవు. మీరు పొయ్యి చూపించండి."

మొదటిది రేకు పలకలు ఒకదాన్లో ఒకటి దూర్చి నిలబెట్టేది. ఒకటి నిలబెడితే ఇంకొకటి పడుతోంది. "ఇది పొయ్యి కాదు, పేకమేడ" అని తోసేశాడు. రెండోది మరీ తేలిక, పక్కనుంచి పుల్ల తోయగానే మీదున్న నీళ్లగిన్నెతో సహా బోర్లాపడి కొట్టువాడి పాదాలు తడిపింది. ఆ తర్వాతది బాగానే మండింది గానీ, ఊదడం ఆపితే ఆరిపోతోంది.

"పొయ్యన్నాక అందరూ ఊదుతారు సార్!"

"పని చెయ్యాల్సింది అదా, నేనా?"

కొట్టువాడు నావైపు జాలిగా చూశాడు. "మీ నాన్నగారామ్మా?"

"బాబాయి" అన్నాను, వీలైనంత దూరపు చుట్టంలా.

చివరికి కాళ్లు వెడల్పుగా చాపుకుని నిలబడే పొయ్యి ఒకటి వచ్చింది. పక్కన పుల్లలు పెట్టే నోరు, కింద గాలి కన్నాలు. బాబాయి ఒంటిచేత్తో పుల్లలు పేర్చి లైటరు నొక్కాడు. ఊదకుండానే అంటుకుంది. నీళ్లు తెర్లుతుంటే ఆయన మొహం చూడాలి, పెళ్లినాడు కూడా అంత వెలగలేదని పిన్ని చూసుంటే ఒట్టేసి చెప్పేది.

మర్నాడు పొద్దున్నే మా వాకిట్లో, నాన్న కుర్చీ ముందు, స్టూలు మీద అదే పొయ్యి. ఈసారి బాబాయి రెండు చేతులూ వాడాడు. పుల్లలన్నీ కుక్కాడు, గాలి కన్నాలకి ఇటుక అడ్డం పెట్టాడు. పొగే పొగ. పక్కింటావిడ కిటికీలు మూసుకుంది.

"కొట్టువాడు నన్ను నిలువునా ముంచాడన్నయ్యా!" అని దగ్గాడు.

నేను నోరు తెరవబోతే కాలు తొక్కాడు. అప్పటిగ్గానీ నా మట్టిబుర్రకి తట్టలేదు. పడిపోయింది నాన్న కుడిచెయ్యి. నిన్న జేబులో సెలవు పుచ్చుకున్నది బాబాయిది.

నాన్న చూసి చూసి ఆగలేకపోయాడు. "తప్పుకోరా దద్దమ్మా! అన్ని పుల్లలు కుక్కితే గాలెలా ఆడుతుంది? ముందా ఇటుక తియ్."

ఎడంచేత్తో పుల్లలు లాగేశాడు, మళ్లీ పేర్చాడు, లైటరు నొక్కాడు. మంట చక్కగా లేచింది. ఎన్నాళ్ల తర్వాతో నాన్న పెట్టిన టీ తాగాం. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

"శనివారం ఎన్నింటికి బయల్దేరుతున్నాం?" అన్నాడు నాన్న గ్లాసు కింద పెడుతూ. "వీణ్ణి నమ్ముకుంటే కొండమీద మీరంతా పస్తే. ఒరేయ్, పొయ్యి వెలిగించడం నీకీ జన్మలో రాదురా!"

బాబాయి మసి మొహం తుడుచుకున్నాడు.

"నువ్వుండగా నేర్చుకోవాల్సిన ఖర్మ నాకేంటన్నయ్యా?"